ఇంటి వెల - ఇంటి విలువ

"ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు" అని మన పెద్దలు చెప్పుదురు. ఇల్లు కట్టుట, కొనుట యొక యెత్తు. అందులో నివసించుట మరియొక యెత్తు. ఈ రెండవ విషయమును గూర్చి యోచింపక ఇల్లు కొన్నవాడు ఎట్లు నష్టపడునో నాకు అనుభవమున తెలిసినది. విద్యార్థులారా! మీకు ఉపయోగపడునను తలంపుతో ఆ వృత్తాంతమును చెప్పుచున్నాను.

నేను ఉద్యోగమునుండి విశ్రాంతి పొందిన పిదప, దాచుకొన్న సొమ్ముతో గుంటూరు పట్టణమున ఒక ఇల్లు కొనదలచితిని. ఒకే వీథిలో రెండు ఇండ్లు అమ్మకమునకు వచ్చినవి. రెంటికిని స్థలము సమానమే, గదుల సంఖ్యయు సమానమే. మొదటి ఇంటి వెల రెండవదానికంటె 2 లక్షల రూపాయలు తక్కువ. రెండవ ఇంటి యజమాని నాతో, "అయ్యా! మా పడమటి గోడను మందముగ కట్టించితిని. మేడమీద తెల్లని టైల్సు పరపించితిని. పడమటి వైపున వేపచెట్టును పెంచితిని. దీని సుఖము వేసవిలో తెలియును" అని చెప్పెను. మా వెంట వచ్చిన మధ్యవర్తి నవ్వి, "మాష్టారూ! చెట్టునకును, గోడకును డబ్బిచ్చెదరా? గజము ధర చూచుకొనుడు" అనెను. నేను గజము ధరయే చూచి, మొదటి ఇంటిని కొంటిని.

మే నెల వచ్చినది. రాత్రి పది గంటలైనను పడకగది గోడపై చేయి మోపుటకు వీలులేకుండెను. పైకప్పు కాలిన పెనమువలె నుండెను. పంకా త్రిప్పినచో వేడిగాలియే వీచుచుండెను. ఒకనాటి మధ్యాహ్నము, ఎనుబదియైదేండ్ల మా అమ్మగారు ఆ వేడిమికి సొమ్మసిల్లి పడిపోయిరి. వెంటనే ఆసుపత్రికి గొనిపోయితిమి. దైవకృపవలన కోలుకొనిరి. వైద్యుడు, "ఈమెకు మందులకంటె చల్లని గది ముఖ్యము" అని చెప్పెను. ఆ వారమే ఇంటిలో ఏ.సీ. యంత్రమును పెట్టించితిని. రెండవ ఇంటిని కొన్న కుటుంబములోని ముసలమ్మగారు మాత్రము ఆ వేసవి నంతయు పంకా క్రిందనే గడపిరి.

ఇప్పుడొక చిన్న లెక్క చేయుదము. ఆ యంత్రము గంటకు ఒకటిన్నర యూనిట్ల విద్యుత్తును వాడునని, దినమునకు పది గంటలు నడచుననియు అనుకొందము. నెలకు 450 యూనిట్లు. నాలుగు నెలల వేసవికి 1,800 యూనిట్లు. యూనిట్ వెల 8 రూపాయలైనచో ఏటికి 14,400 రూపాయలగును. పదునాలుగేండ్లలో ఆ మొత్తము 2,01,600 రూపాయలు! ఇందులో యంత్రము వెలగాని, మరమ్మతుల ఖర్చుగాని చేరలేదు. నేను మిగిల్చితినని సంతసించిన 2 లక్షలును ఈ విధముగ కరగిపోవుచున్నవి. మా అమ్మగారు పడిన బాధకు వెల కట్టువారెవరు?

ఒక ఇల్లు కాలుటకు, మరియొక ఇల్లు చల్లగ నుండుటకు కారణమేమి? నల్లబడిన సిమెంటు కప్పు పగలెల్ల ఎండవేడిని పీల్చుకొని, రాత్రి దానిని గదిలోనికి విడుచును. తెల్లని కప్పు సూర్యరశ్మిలో అధిక భాగమును తిరిగి ఆకాశమునకే పంపివేయును. సాయంకాలపు ఎండ ఏటవాలుగ వచ్చును గనుక, కిటికీపై నున్న సన్‌షేడు దానిని ఆపజాలదు. అచ్చట చెట్టు నీడయో, వసారాయో కావలెను. గోడ మందమైనకొలది వేడిమి లోనికి చేరుట ఆలస్యమగును. ఈ సూక్ష్మములు మన పూర్వులకు తెలియనివి కావు. గోదావరి తీరమందలి మండువా లోగిళ్ళను చూడుడు. మందమైన గోడలు, చుట్టును వసారాలు, నడుమ ఆకాశమునకు తెరచియున్న మండువా! వేడిగాలి ఆ మండువాగుండ పైకి పోవును.

ఇంత సుఖమునిచ్చు ఇంటికి తగిన వెల ఏల పలుకలేదు? కొనువారు స్థలము ఎన్ని గజములో అడుగుదురు. వాకిలి తూర్పుననున్నదా అని అడుగుదురు. నీటి వసతిని విచారింతురు. కప్పుమీద పడిన ఎండ ఎచ్చటికి పోవునని ఎవరును అడుగరు. చల్లదనము కంటికి కనబడునది కాదు. కనబడని గుణమునకు అంగడిలో వెల లేదు.

ఆ గుణమును కనబడునట్లు చేసినచో వెల వచ్చునా? వచ్చునని ఐరోపా ఖండపు అనుభవము తెలుపుచున్నది. అవి చలిదేశములు. అచ్చట ఇంటిలోని వెచ్చదనము బయటికి పోకుండ కాపాడుకొనవలెను. మనకు బయటి వేడిమి లోనికి రాకుండ చూచుకొనవలెను. సూత్రము మాత్రమొక్కటే. ఇల్లు అమ్మునపుడును, అద్దెకిచ్చునపుడును అది ఎంత ఇంధనమును కోరునో తెలుపు పత్రమును చూపవలెనని ఐరోపా సమాఖ్య 2002లో నిర్ణయించెను. నెదర్లాండ్సు దేశమున ఇండ్లకు 'ఏ' మొదలు 'జీ' వరకు తరగతులు ఏర్పడినవి. డిర్క్ బ్రౌనెన్, నిల్స్ కాక్ అను పరిశోధకులు ఆ దేశపు ఇండ్ల అమ్మకములను పరిశీలించి, 2011లో తమ నిర్ణయమును ప్రకటించిరి. ఏ, బీ, సీ తరగతుల ఇండ్లకు, తక్కిన విషయములు సమానమైనపుడు, నూటికి సుమారు 3 నుండి 4 వంతులు అధికముగ వెల వచ్చుచున్నదని తేలినది.

అద్దె ఇండ్ల సంగతి మరింత చిక్కైనది. ఇల్లు కట్టువాడు యజమాని. విద్యుత్తు బిల్లు చెల్లించువాడు అద్దెకున్నవాడు. కావున మంచి కప్పు వేయుటకు యజమానికి తొందర యుండదు. ఇంగ్లండులో 2018 నుండి అట్టడుగు తరగతుల ఇండ్లను, కొన్ని మినహాయింపులు తప్ప, క్రొత్తగ అద్దెకిచ్చుటకు వీలులేకుండ చేసిరి.

మన దేశమున 2018లో 'ఎకో నివాస్ సంహిత' వెలువడినది. గోడలగుండ, కప్పుగుండ ఎంత వేడిమి లోనికి రావచ్చునో, గాలికి ఎంత తెరపి యుండవలెనో అది నిర్దేశించుచున్నది. ఫ్రిజ్‌లపై నక్షత్రముల గుర్తులను మీరు చూచియుందురు. ఇండ్లకును అట్టి గుర్తులిచ్చు పథకము 2019లో ప్రారంభమైనది. తెలంగాణ ప్రభుత్వము 2023లో చల్లని కప్పుల విధానమును ప్రకటించెను.

అయినను సత్యమును దాచరాదు. మన పట్టణములలో ఇంటి వెల ముఖ్యముగ స్థలమునుబట్టియే యుండును. తెల్లని కప్పు వేసినంతమాత్రమున లక్షలు కురియవు. దాని లాభము మొదట అందులో నివసించువారికి నెలనెలా అందును. అమ్మునపుడు వచ్చు అదనపు వెల దాని తరువాతిది.

నేను చేసిన పొరపాటును కొంతవరకు దిద్దుకొంటిని. కప్పునకు తెల్లని సున్నము పూయించితిని. పడమటి కిటికీలకు వెదురు తడికలు కట్టించితిని. ఒక వేపమొక్కను నాటితిని. మరుసటి వేసవిలో యంత్రము నడచు గంటలు తగ్గినవి. మొక్క ఇంకను నా భుజము వరకే పెరిగినది. అది నీడనిచ్చుటకు ఏండ్లు పట్టును.

బాలబాలికలారా! మీ పెద్దలు ఇల్లు చూడబోవునపుడు మీరును వెంట వెళ్ళుడు. "పడమటి గోడ ఏది? కప్పుమీద నేమి యున్నది? పోయిన మే నెల విద్యుత్తు బిల్లు ఒక్కసారి చూపెదరా?" అని వినయముతో అడుగుడు. ఆ చిన్న కాగితము కనబడని గుణమును కనబడునట్లు చేయును. వెల ఒకనాడు చెల్లించునది. విలువ నిత్యము అనుభవించునది.

ప్రశ్నలు

1. రచయిత మొదటి ఇంటిని ఏల కొనెను? దాని ఫలితమేమి?
2. మండువా లోగిలి చల్లగ నుండుటకు కారణములను వ్రాయుడు.
3. అద్దె ఇండ్ల విషయమున కలుగు చిక్కు ఎట్టిది?
4. మీ ఇంటి మే నెల, డిసెంబరు నెల విద్యుత్తు బిల్లులను పోల్చి, భేదమునకు కారణములను తెలుపుడు.