సుడి తిరిగే తరంగం – చిన్న యాంటెన్నా

తమ్ముళ్ళూ! ఒక తాడు కొసను కిటికీకి కట్టి, రెండో కొసను పైకీ కిందకీ ఊపండి. అల ఒకే తలంలో పోతుంది. ఇది రేఖీయ ధ్రువణం. చేతిని గుండ్రంగా తిప్పితే తాడు సుడి తిరుగుతుంది. ఇది వృత్తాకార ధ్రువణం.

జీపీఎస్ ఉపగ్రహాలు 1575.42 మెగాహెర్ట్జ్ వద్ద కుడివైపు తిరిగే తరంగాన్ని పంపుతాయి. చేపల పడవ ఎటు తిరిగినా సంకేతం పోకూడదు గదా! పడవలోని యాంటెన్నా రేఖీయమైతే సగం శక్తి అందదు.

తరంగం సుడి తిరగాలంటే ఒకదానికొకటి లంబంగా, సమాన బలంతో రెండు విద్యుత్ క్షేత్రాలుండాలి. వాటి మధ్య దశాభేదం 90 డిగ్రీలు ఉండాలి.

ఇందుకు ఒక మార్గం మెటాసర్ఫేస్. అనగా తరంగదైర్ఘ్యం (ఇక్కడ 19 సెం.మీ.) కంటే బాగా చిన్నవైన దీర్ఘచతురస్రపు రాగి ముక్కలను వరుసలుగా ముద్రించిన పలక. దీనిని మామూలు పాచ్ యాంటెన్నాపై 45 డిగ్రీలు తిప్పి అమర్చాలి. పాచ్ క్షేత్రం ముక్కల పొడవు వెంట, వెడల్పు వెంట సమంగా విడిపోతుంది. ముక్కల కొలతలు సరిచేస్తే ఒక భాగం దశ 45 డిగ్రీలు ముందుకు, రెండోది 45 డిగ్రీలు వెనక్కు జరుగుతుంది. తేడా 90!

గాలిలో అర తరంగదైర్ఘ్యం 9.5 సెం.మీ. రోధక స్థిరాంకం 4.4 గల బోర్డుపై పాచ్ పొడవు సుమారు 4.5 సెం.మీ. చాలు. రెండు ఫీడ్ల సర్క్యూట్ అక్కరలేదు. చివరగా అక్ష నిష్పత్తి 3 డెసిబెల్స్ లోపు ఉందో లేదో చూడాలి.

జాగ్రత్త! పలకను ఎదురువైపు తిప్పితే తరంగం ఎడమకు తిరుగుతుంది, జీపీఎస్ దాదాపు అందదు. ధ్రువణం పాఠాన్ని మార్కుల కోసం బట్టీ పట్టి వదిలేయకండి. నడిసముద్రంలో పడవకు దారి చూపేది ఆ పాఠమే.