వంటింటి లైటరులోని సీసము

బ్యాటరీ లేదు, తీగ లేదు. అయినను గ్యాసు లైటరును నొక్కగానే నిప్పురవ్వ లేచుచున్నది. నాగ్‌పాడా, కామాటిపురా వంటగదులలో దినమునకు పలుమార్లు జరుగు ఈ సంగతిని గూర్చి తల్లిదండ్రులకు కొంత విన్నవింపదలచితిమి.

లైటరులో ఒక చిన్న సుత్తియు, దాని యెదుట పింగాణీవంటి దిమ్మయు నుండును. సుత్తిదెబ్బకు ఆ దిమ్మలో వేల వోల్టుల విద్యుత్తు పుట్టును. అది సాధారణముగా సీసము, జిర్కోనియం, టైటానియంల ఆక్సైడు. బరువులో సగమునకు మించి సీసమే. దిమ్మ గట్టిగా నున్నంతకాలము హాని లేదు. తయారీలోను, పొడిచేయునపుడును, కాల్చునపుడును సీసము బయటపడును. పిల్లల మెదడునకు ఇంతవఱకు ఫరవాలేదనదగిన సీసపు మోతాదే లేదని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పుచున్నది. కావున పాడైన లైటరును పిల్లలు విప్పినను, దిమ్మను నలుగగొట్టనీయకుడు.

ఇట్టి పదార్థములను ఫెర్రోఎలెక్ట్రిక్కు లందురు. (పేరులో ఇనుమున్నను ఇనుముతో పనిలేదు, నడవడి అయస్కాంతమును పోలుటచే ఆ పేరు వచ్చినది.) నెల్లూరు సీమ అభ్రకముపై వోల్టేజిని రెట్టించిన, దానిలో చేరు విద్యుదావేశమును రెట్టించును. ఇవి అట్లు కావు. వానకాలమున ఉబ్బిన మన చాల్ గది తలుపును తలచుకొనుడు. మెల్లగా త్రోసిన కదలదు; ఇంకొంత బలము పెట్టగానే ఒక్కసారిగా తెఱచుకొనును; చేయి తీసినను తెఱచియే యుండును; మూయుటకు ఎదురుబలము కావలెను. ఈ స్ఫటికమును తుది త్రోపు తగిలిన దిక్కును నిలుపుకొనును. ఒక దిక్కును ఒకటిగా, మఱొక దిక్కును సున్నగా నెంచి జ్ఞాపకపు చిప్పులను చేయుచున్నారు.

సీసములేని వానిలో మొదట చెప్పవలసినది బేరియం టైటనేటు. లామింగ్టన్ రోడ్డు దుకాణములలో అమ్ము సిరామిక్ కెపాసిటరులలో చాలవాటికి ఇదియే ఆధారము. 120 సెంటీగ్రేడు డిగ్రీలకు పైన దీని స్ఫటికపు గడి సరియైన ఘనము. టైటానియం నట్టనడుమ నుండును. అంత సౌష్ఠవమున్నచోట దిక్కన్న మాటయే లేదు. (సౌష్ఠవము స్ఫటిక గుణముల నెట్లు నిర్ణయించునో మన సూరి భగవంతముగారు 1966లో గ్రంథమే ప్రకటించిరి.) చల్లారగానే గడి ఒకవైపు సాగి, టైటానియం ప్రక్కకు జరుగును. సుమారు 5 డిగ్రీల వద్దను, సున్నకు దిగువ 90 డిగ్రీల వద్దను మఱల రూపము మారును. ఇవియే ప్రావస్థా పరివర్తనములు.

లైటరునకు దిమ్మ కావలెను. చిప్పులకు తలవెండ్రుకలో వేయవవంతు మందపు పొర చాలును. నూఱు నానోమీటర్ల పొరపై ఒక్క వోల్టు పెట్టిన, మీటరుకు కోటి వోల్టుల క్షేత్రమగును. తలుపును త్రోయు బలము గడియారపు సెల్లుతోనే దొరకును. మఱియు, క్రింది పీఠపు స్ఫటికము పొరను బిగించిన దాని గుణమే మారును. 2004లో అమెరికా శాస్త్రజ్ఞులు ఇట్లు బిగించిన బేరియం టైటనేటు పొరలో, ఆ 120 డిగ్రీల మేర దాదాపు 500 డిగ్రీలు పైకి జరిగినది!

ఆ యేటనే జపానులో సోడియం, పొటాషియం, నయోబియంల పింగాణీని సీసపు దానికి సాటివచ్చునట్లు చేసిరి. కాని వేడికి సోడియం, పొటాషియంలు ఆవిరియై పోవును. పొరలో వెలితి యేర్పడి విద్యుత్తు కారును. ఐరోపా దేశములు 2006లో ఎలెక్ట్రానిక్ సామగ్రిలో సీసమును నిషేధించియు, సరియైన మాఱు లేనందున ఈ పింగాణీలకు మినహాయింపు నిచ్చినవి. దుకాణమున మనము కొను లైటరులో నేటికిని సాధారణముగా సీసపు దిమ్మయే యున్నది.