ఉప్పునీటి మీద కరెంటు పని

ఐటీఐ పూర్తిచేసి, విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో మరబోట్లకు లైట్లు బిగించే పనితో మొదలుపెట్టాను. తరువాత చాలా ఏళ్లు దుబాయ్ మరీనాల్లో సొంత యాట్లున్నవాళ్ల దగ్గర పనిచేశాను. ఇంట్లో కరెంటు పోతే ఎలక్ట్రీషియన్ని పిలుస్తారు. ఒడ్డు కనపడని చోట పోతే పిలవడానికి ఎవరూ ఉండరు. ఈ పనిలోకి వస్తున్న మన కుర్రాళ్లకు ముందు ఆ తేడా తెలియాలి.

1. ఇంటి వైరు ఇంటికే.

ఉప్పుగాలి ఇన్సులేషన్ కిందినుంచి లోపలికి పాకుతుంది. పైకి వైరు కొత్తదిలా నిగనిగలాడుతుంది, ఒలిస్తే రాగి నల్లబడి పొడి రాలుతుంది. అందుకే పడవలో తగరం పూసిన సన్నపోగుల రాగి వైరే వాడాలి. ఒంటితీగ వైరు ఇంజిను అదురుకు విరుగుతుంది. టంకం ఒక్కదాన్నే నమ్ముకున్నా అంతే, టంకం ఆగినచోట తెగుతుంది. లగ్గు సరిగ్గా క్రింప్ చేసి, లోపల జిగురున్న హీట్ ష్రింక్ తొడగండి. వైరు మందంలోనూ పిసినారితనం వద్దు. 230 వోల్టుల్లో ఒక వోల్టు తగ్గితే ఎవరికీ తెలియదు. 12 వోల్టుల్లో తగ్గితే ఎనిమిది శాతం పైగా పోయినట్టే. నావిగేషన్ లైట్ల వంటివాటికి 3 శాతం మించి పోకూడదంటుంది అమెరికా వాళ్ల ఏబీవైసీ ప్రమాణం.

2. షాక్ కొట్టనంత మాత్రాన బ్యాటరీ సాధువు కాదు.

ఉంగరం, గడియారం తీసి జేబులో వేసుకున్నాకే బ్యాటరీ పెట్టె తెరవండి. రెండు టెర్మినళ్ల మధ్య స్పానర్ పడితే వందల ఆంపియర్లు పారి, చూస్తుండగానే ఎర్రగా కాలుతుంది. ముందు నెగటివ్ విప్పండి.

3. యజమాని లేనప్పుడు పనిచేసేదే అసలు పంపు.

పడవ అడుగున చేరే నీటిని తోడే బిల్జ్ పంపును మెయిన్ స్విచ్ తరువాత కలిపితే, యజమాని స్విచ్ ఆపేసి ఇంటికి వెళ్లగానే అది చచ్చినట్టే. ఫ్లోట్ స్విచ్‌కు బ్యాటరీ నుంచి ఫ్యూజు వేసి నేరుగా వైరు లాగాలి. ఒక యాట్‌లో నేను అలాగే లాగాను. కానీ ప్యానెల్ మీద బటన్ నొక్కి, మోటారు చప్పుడు విని, సరే అనుకుని వచ్చేశాను. వంగి ఫ్లోట్‌ను చేత్తో లేపి చూడలేదు. కింద ఒక వైర్ల కట్ట దానికి అడ్డం పడింది. యజమాని సెలవు నుంచి తిరిగొచ్చేసరికి నీళ్లు ఇంజిను సగం దాకా ఉన్నాయి. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. ఆ మౌనం ఈనాటికీ నన్ను కోస్తుంది.

4. ఎర్త్ వైరు తెంపకండి, తెంపింది చూస్తే ఊరుకోకండి.

ఒడ్డు కరెంటు తీసుకునే పడవలన్నీ ఎర్త్ వైరు ద్వారా ఒకదానికొకటి కలిసే ఉంటాయి. మధ్యలో ఉప్పునీరు. అంతా కలిసి ఒక బ్యాటరీ అవుతుంది. పక్క పడవకు లోహాన్ని కాపాడే జింకు దిమ్మ అరిగిపోతే, దాని బదులు మీ పడవ దిమ్మ కరుగుతుంది. అదీ అయిపోయాక ప్రొపెల్లర్ వంతు. గీకి చూస్తే జింకు పోయిన లోహం గులాబీరంగు తేలుతుంది. దీన్ని ఆపడానికి కొందరు ఎర్త్ కత్తిరిస్తారు. లోహాన్ని తినేయడం నిజంగానే ఆగుతుంది. కానీ ఆ తరువాత గీజర్‌లోనో ఏసీలోనో లీకైన కరెంటుకు నీళ్లే దారి. అడుగు భాగం గోకడానికి డైవర్లు దిగేది ఆ నీళ్లలోకే. మంచినీటిలో ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ, ఎందుకంటే ఆ నీటికన్నా మనిషి ఒంట్లోనే కరెంటు సులువుగా పారుతుంది. ఎర్త్ తెంపకుండానే లోహం తినేయడాన్ని ఆపే మందు గాల్వానిక్ ఐసొలేటర్. అది చిన్న వోల్టేజీని ఆపి, లీకైన కరెంటును మాత్రం ఎర్త్‌కు పోనిస్తుంది. డబ్బుంటే ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ మరీ మేలు. ఒకసారి తెగిన ఎర్త్ చూసి, వేరేవాడి పని మనకెందుకని మూత బిగించేశాను. ఎవరికీ ఏమీ కాలేదు. అయినా ఆ మూత మళ్లీ విప్పి, ఎర్త్ కలిపి రావలసింది.

5. వైరింగ్ పటం గీయనిదే పని ముగిసినట్టు కాదు.

ప్రతి వైరుకూ రెండు చివర్లా నంబరు వేయండి. పటాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి ప్యానెల్ తలుపు లోపల అంటించండి. ఇంగ్లీషులోనే రాయండి. మీ తరువాత ఆ తలుపు తెరిచేది ఏ ఫిలిప్పీన్స్ కుర్రాడో, ఏ కేరళ అబ్బాయో అయివుంటాడు.