విశ్వాసమే పెట్టుబడి

దొంగ ధనమును అపహరించినచో సొంతదారుని యింట ధనముండదు. కంప్యూటరు ఆట యట్టిది కాదు. దానికి ఎన్ని నకళ్ళు తీసినను అసలు తరుగదు. అయినను దొంగనకలుతో ఆడువాడు నిర్మాతల శ్రమకు దక్కవలసిన ప్రతిఫలమును హరించుచున్నాడు. ఈ చౌర్యమును అరికట్టుట యెట్లు? పోలండు దేశమున నొక సంస్థ చరిత్ర దీనికి సమాధానము చెప్పుచున్నది.

1994 వరకు పోలండులో కంప్యూటరు ప్రోగ్రాములకు స్పష్టమైన చట్టరక్షణ లేకుండెను. రాజధానియగు వార్సా సంతలలో నకలు ఆటలు బాహాటముగా అమ్ముడుపోవుచుండెను. ఆ యేడు మార్చిన్ ఇవిన్‌స్కీ తన మిత్రుడగు మిహావ్ కిచిన్‌స్కీతో కలసి సీడీ ప్రాజెక్ట్ అను సంస్థను స్థాపించెను. 1999లో వారు బాల్డర్స్ గేట్ అను ఆటను పోలిష్ భాషలో వెలువరించిరి. నకలు వర్తకుడు చౌకగా ఇయ్యగలడు. కాని పెట్టెలో పటమును, నియమగ్రంథమును, సంగీతపు సీడీని చేర్చి యియ్యజాలడు. జనులు అసలునే కోరి కొనిరి.

2011లో ఈ సంస్థ ది విచర్ 2 అను తన ఆటను విడుదల చేసెను. దుకాణములలో అమ్మిన ప్రతికి తాళము వేసిరి. తాళమనగా ప్రతి అసలుదో నకలుదో పరిశీలించు ప్రోగ్రాము. సంస్థకు చెందిన జీఓజీ అను విక్రయశాలలో మాత్రము తాళము లేని ప్రతిని అమ్మిరి. ఇదియే దొంగలపాలగునని తలంచిరి. కాని దొంగలు తాళమును ఛేదించి, ఆ ప్రతినే వ్యాపింపజేసిరని ఇవిన్‌స్కీ పిదప తెలిపెను. తాళము వలన ఆట మందగించి, సొమ్ము చెల్లించినవారే ఇక్కట్లపాలైరి. కొలది దినములలోనే సంస్థ తాళమును తొలగించెను.

అంతట సంస్థ మరియొక మార్గము త్రొక్కెను. నకలుదారులని అనుమానించిన వారికి న్యాయవాదులచే లేఖలు పంపించెను. నిరపరాధులును ఇందు చిక్కుకొనవచ్చునని ఆటగాండ్రు నిరసించిరి. 2012 జనవరిలో సంస్థ, తమ మనుగడకు ఆటగాండ్ర విశ్వాసమే ఆధారమని ఒప్పుకొని, ఆ పద్ధతిని విరమించెను.

2015లో వెలువడిన ది విచర్ 3 ఆటను జీఓజీలో తాళము లేకయే అమ్మిరి. కొన్నవారికి 16 అదనపు అంశములను ఉచితముగా నిచ్చిరి. 2023 నాటికి ఆ ఆట ప్రతులు 5 కోట్లకు పైగా అమ్ముడయ్యెను.

అయినను విశ్వాసము ఒకసారి పొందినంత శాశ్వతము కాదు. 2020 డిసెంబరులో సైబర్‌పంక్ 2077 అను ఆటను అనేక లోపములతో విడుదల చేయగా, కొన్నవారు కోపించిరి. అనేకులకు సొమ్ము తిరిగి ఇయ్యవలసివచ్చెను. లోపములను సవరించుటకు సంస్థ సంవత్సరముల తరబడి శ్రమించెను.

కొనువాడు న్యాయముగా మూల్యము చెల్లింపవలెను. అమ్మువాడు మూల్యమునకు తగిన వస్తువు నీయవలెను. ఈ రెండును కలిగిన చోట తాళముతో పని తక్కువ.