బెల్టు గట్టిదైతే బండికి బలమా?



కుట్టు మిషన్ మీ అందరికీ తెలుసు. కాలితో తొక్కితే కింది పెద్ద చక్రం తిరుగుతుంది. తోలు బెల్టు పైచక్రాన్ని తిప్పుతుంది. బెల్టు వదులైతే జారుతుంది. కుట్టు ఆగిపోతుంది. అప్పుడేం చేస్తాం? బెల్టు కాస్త కోసి, మళ్ళీ బిగిస్తాం. పెద్ద నష్టం లేదు.

కారు ఇంజనులో ఇంకో రకం బెల్టు ఉంటుంది. దాని పేరు టైమింగ్ బెల్టు. అది జారకూడదు. ఒక్క పన్ను కూడా తప్పకూడదు. ఎందుకో ఈ పాఠంలో చదువుదాం.

మనకెందుకు ఈ సంగతి?

మన కృష్ణా డెల్టాలో కారు, వ్యాను మీద బతికే ఇళ్ళు చాలా ఉన్నాయి. ఉయ్యూరు, పామర్రు, గుడివాడ, బందరు నుంచి బెజవాడకి బాడుగలు తిప్పుతారు. కొందరు పాత బండి కొని ఇంజను పని చేయిస్తారు. కొందరు గ్యాసు కిట్టు పెట్టిస్తారు. కుర్రాళ్ళు బండి ఇంకా జోరుగా పోవాలంటారు. అప్పుడు ఇంట్లో ఒక మాట వస్తుంది.

"ఇంజను మార్చాం కదా, బెల్టు కూడా రేసు బెల్టు వేయిద్దాం. కొంచెం డబ్బు సర్దు."

ఆ డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది? చాలాసార్లు మన పొదుపు సంఘం అప్పు నుంచే వస్తుంది. వాయిదా కట్టేది మనమే. మరి ఆ బెల్టు ఏం చేస్తుందో మనకి తెలియొద్దా?

రోకటి పోటు - ఇంజను పోటు

ఒకే రోట్లో ఇద్దరు దంచడం మీరు చూసే ఉంటారు. ఒకరి రోకలి లేస్తుంటే ఇంకొకరి రోకలి దిగుతుంది. పాట పాడుతూ దంచుతారు. పాటలోని తాళం ఇద్దరినీ నడిపిస్తుంది. తాళం తప్పిందా, రోకళ్ళు ఢీకొంటాయి.

ఇంజనులోనూ ఇదే జరుగుతుంది. లోపల పిస్టన్ పైకీ కిందికీ ఆడుతుంది. దాని పైన చిన్న తలుపులు ఉంటాయి. వాటిని వాల్వులు అంటారు. ఒక వాల్వు తెరిస్తే పెట్రోలు కలిసిన గాలి లోపలికి వస్తుంది. ఇంకో వాల్వు తెరిస్తే పొగ బయటికి పోతుంది. పిస్టన్ పైకి వచ్చే వేళకి వాల్వు పక్కకి తప్పుకోవాలి.

ఈ తాళం కుదిర్చేదే టైమింగ్ బెల్టు. కింద ఇరుసు రెండు సార్లు తిరిగితే, పైన వాల్వులను నడిపే ఇరుసు ఒక్కసారి తిరగాలి.

ఒక లెక్క చూద్దాం. ఇంజను నిమిషానికి 3,000 సార్లు తిరుగుతుందనుకోండి. పై ఇరుసు 1,500 సార్లు తిరుగుతుంది. అంటే ఒక్క సెకనులో 25 సార్లు. ఒక్కొక్క వాల్వు సెకనుకి 25 సార్లు తెరుచుకుని మూసుకుంటుంది!

అంత వేగంలో బెల్టు తెగితే? కొన్ని ఇంజన్లు ఊరికే ఆగిపోతాయి. కానీ చాలా ఇంజన్లలో పిస్టన్ వెళ్ళి వాల్వులను కొడుతుంది. వాల్వులు వంగిపోతాయి. ఇంజను విప్పాల్సి వస్తుంది. బండి షెడ్డులో, మనిషి ఇంట్లో. బాడుగ లేదు, వాయిదా మాత్రం ఆగదు.

ఈ బెల్టు ఎక్కడ పుట్టింది?

పళ్ళ బెల్టు మొదట కారు కోసం పుట్టలేదు. 1940లలో అమెరికాలో కుట్టు మిషన్ కోసం తయారు చేశారు. పైన సూది, కింద దారం చుట్ట ఒకే తాళంలో తిరగాలి కదా! మామూలు బెల్టు జారుతుంది. అందుకే బెల్టుకి పళ్ళు పెట్టారు. తర్వాత 1962లో జర్మనీలో గ్లాస్ అనే కంపెనీ తన కారు ఇంజనులో ఇలాంటి బెల్టు వాడింది. మన దేశంలో మారుతి 800 కారులోనూ ఇదే రకం బెల్టు ఉంది.

అన్ని కార్లకీ బెల్టు ఉండదు. పాత పెట్రోలు అంబాసిడర్‌కి గొలుసు ఉండేది. ఇప్పటి కార్లలో కూడా చాలా వాటికి గొలుసే. కాబట్టి మొదట అడగాల్సిన మాట: "మన బండికి బెల్టా, గొలుసా?"

గట్టి బెల్టు సంగతి

టైమింగ్ బెల్టు రబ్బరుతో చేస్తారు. లోపల సన్నని గట్టి దారాలు ఉంటాయి. ఖరీదైన కొన్ని బెల్టుల్లో కెవ్లార్ వంటి నార వేస్తారు. తుపాకీ గుండును ఆపే చొక్కాల్లో వాడేది ఆ నారే. దాన్ని 1965లో కనిపెట్టింది ఒక స్త్రీ. ఆమె పేరు స్టెఫనీ క్వోలెక్. అమెరికా శాస్త్రవేత్త.

నార గొప్పదే. మరి మన బండికి కావాలా? ఆటోనగర్‌లో ఒక షెడ్డు అనుకోండి. అక్కడ ఒక అక్క, మెకానిక్ ఇలా మాట్లాడుకున్నారు.

"తమ్ముడూ, గట్టి బెల్టు వేస్తే బండి జోరు పెరుగుతుందా?"

"పెరగదక్కా. చక్రాలని తిప్పే బలం ఈ బెల్టు మీదుగా పోదు. అది గేరుపెట్టె మీదుగా పోతుంది. ఈ బెల్టు వాల్వుల ఇరుసుని తిప్పుతుంది. కొన్ని బళ్ళలో నీళ్ళ పంపుని కూడా తిప్పుతుంది. అంతే."

"మరి మేం గ్యాసు కిట్టు పెట్టించాం. బెల్టు మీద బరువు పెరిగిందా?"

"లేదక్కా. వాల్వులు అవే, వాటి స్ప్రింగులు అవే. బెల్టుకి పని అంతే."

"అయితే గట్టి బెల్టు ఎవరికి కావాలి?"

"పందేల బళ్ళకి. వాళ్ళు వాల్వులకి గట్టి స్ప్రింగులు వేస్తారు. వాల్వు ఎక్కువ తెరిచేలా ఇరుసు మారుస్తారు. ఇంజనుని మామూలు కంటే చాలా వేగంగా తిప్పుతారు. అప్పుడు బెల్టు మీద లాగుడు పెరుగుతుంది. కొన్ని డీజిలు ఇంజన్లలో డీజిలు పంపుని కూడా ఈ బెల్టే తిప్పుతుంది. ఆ పంపు మార్చి ఒత్తిడి పెంచితే అప్పుడూ ఆలోచించాలి."

చూశారా! బెల్టు మీద లాగుడు పెరిగితేనే గట్టి బెల్టు దండగ కాదు. బాడుగ బండికి, ఇంటి బండికి కంపెనీ చెప్పిన మంచి బెల్టు చాలు. నకిలీది వద్దు.

బెల్టు ఎందుకు చెడుతుంది?

బలం చాలక తెగే బెల్టులు తక్కువ. ఎక్కువగా చెడేది ఇందుకు:

1. వయసు మీరడం, వేడికి రబ్బరు పగలడం.
2. ఇంజను నూనె కారి బెల్టు మీద పడటం.
3. బెల్టుని బిగించే చిన్న చక్రం అరిగిపోవడం. దాన్ని టెన్షనర్ అంటారు.
4. నీళ్ళ పంపు పట్టేయడం.
5. దుమ్ము, బురద చేరడం.

పాత టెన్షనర్ మీద ఎంత ఖరీదు బెల్టు వేసినా ఏం లాభం? అరిగిన గిలకకి కొత్త చేంతాడు కట్టినట్టే. గిలక పట్టేస్తే కొత్త తాడూ తెగుతుంది.

2024 సెప్టెంబరులో బుడమేరు వరద బెజవాడ సింగ్‌నగర్‌ని ముంచింది. బళ్ళు బురద నీళ్ళలో మునిగాయి. అలా మునిగిన బండి కొనేటప్పుడు బెల్టు మూత విప్పించి చూడాలి. బెల్టు, టెన్షనర్, పంపు మూడూ చూపించమనాలి.

మనం చేయాల్సింది

బండితో వచ్చిన పుస్తకం చదవండి, లేదా చదివించుకోండి. బెల్టు ఎన్ని కిలోమీటర్లకి మార్చాలో అందులో ఉంటుంది. చాలా బళ్ళకి అది 60 వేల నుంచి లక్ష కిలోమీటర్ల మధ్య ఉంటుంది. ఎన్నేళ్ళకి మార్చాలో కూడా ఉంటే, రెండిట్లో ఏది ముందు వస్తే అప్పుడు మార్చాలి.

మార్చేటప్పుడు టెన్షనర్ కూడా మార్చమనండి. బెల్టు తిప్పే నీళ్ళ పంపు అయితే దాన్నీ చూడమనండి. విప్పే పని ఒక్కటే, కూలీ ఒక్కటే. గట్టి బెల్టుకి పెట్టే డబ్బు ఇక్కడ పెట్టండి.

ఇంజను మార్చినా, గ్యాసు పెట్టించినా అనుమతి తీసుకుని ఆర్.సి.లో ఎక్కించాలి. 1988 మోటారు వాహనాల చట్టం ఆ మాట చెబుతోంది. బీమా వాళ్ళకీ తెలపాలి.

బిల్లు అడిగి తీసుకోండి. ఒక చీటీ మీద మీ చేత్తో రాయండి: బెల్టు మార్చిన తేదీ, మీటరు మీద అంకె, మళ్ళీ మార్చాల్సిన అంకె. దాన్ని పొదుపు పుస్తకంలో పెట్టుకోండి. ఆ చీటీ ఇంట్లో ఉంటే, "ఎప్పుడు మార్చామో గుర్తులేదు" అనే మాట ఉండదు.

చెప్పండి, రాయండి

1. టైమింగ్ బెల్టు ఏ రెండిటికి తాళం కుదురుస్తుంది?
2. గ్యాసు కిట్టు పెట్టిస్తే గట్టి బెల్టు కావాలా? ఎందుకు?
3. మీటరు మీద 42,000 ఉన్నప్పుడు బెల్టు మార్చారు. పుస్తకంలో 60,000 కిలోమీటర్లకి మార్చాలని ఉంది. మళ్ళీ ఏ అంకె వచ్చేలోగా మార్చాలి? కూడి రాయండి.
4. మీ ఇంట్లోగానీ, పక్కింట్లోగానీ బండి ఉంటే, దానికి బెల్టా గొలుసా కనుక్కోండి. రేపు తరగతిలో చెప్పండి.