మూగజీవికి వైద్యం

పాఠ్యభాగ పరిచయం

కుక్కకు బాధ కలిగితే మూలుగుతుంది. పశువుకు జబ్బుచేస్తే మేత ముట్టక అరుస్తుంది. చేప మాత్రం తన బాధను గొంతెత్తి చెప్పలేదు. ఇంటిలోని గాజుతొట్టిలో పెరిగే చేపల వ్యాధులను ఎలా గుర్తించాలో, వాటికి ఎలా చికిత్స చేయాలో ఈ పాఠం వివరిస్తుంది. లక్షణాన్ని చూచి తొందరపడక, కారణాన్ని అన్వేషించే శాస్త్రీయ దృష్టిని విద్యార్థులలో పెంపొందించడం దీని ఉద్దేశం.

పాఠం

లండన్ నగరానికి చెందిన రాబర్ట్ వారింగ్టన్ అనే రసాయన శాస్త్రవేత్త 1850లో ఒక ప్రయోగ ఫలితాన్ని ప్రకటించాడు. ఆయన ఒక నీటిపాత్రలో రెండు బంగారు చేపలను, ఒక నీటిమొక్కను ఉంచాడు. మొక్క విడిచే ప్రాణవాయువుతో చేపలు జీవిస్తాయని ఆయన భావన. అయితే కొంతకాలానికి మొక్క ఆకులు కుళ్ళి నీరు చెడింది. అప్పుడు ఆయన నత్తలను వదిలాడు. అవి కుళ్ళిన ఆకులను తినివేయగా నీరు తేటపడింది. చేపలకు ఆరోగ్యం కావాలంటే ముందుగా నీరు ఆరోగ్యంగా ఉండాలని ఈ ప్రయోగం తెలుపుతుంది.

నదిలోని చేప విసర్జించిన మలినం ప్రవాహంలో కలిసిపోతుంది. తొట్టిలోని చేపకు ఆ భాగ్యం లేదు. అది తిన్న తిండి, వదిలిన మలినం, మిగిలిన మేత అన్నీ ఆ నాలుగు గాజుపలకల మధ్యనే ఉంటాయి. చేప మొప్పల ద్వారా అమోనియాను విసర్జిస్తుంది. ఇది విషం. ప్రకృతిలో కొన్ని సూక్ష్మజీవులు అమోనియాను నైట్రైటుగాను, మరికొన్ని ఆ నైట్రైటును నైట్రేటుగాను మారుస్తాయి. నైట్రైటు కూడా విషమే. నైట్రేటు వల్ల కలిగే హాని చాలా తక్కువ. కొత్త తొట్టిలో ఈ సూక్ష్మజీవులు తగినంతగా వృద్ధి చెందడానికి సాధారణంగా నాలుగు నుండి ఆరు వారాలు పడుతుంది.

ఈ విషయం తెలియని ఇంటిలో ఏమి జరుగుతుందో చూద్దాం. పిల్లవాడి పుట్టినరోజున తొట్టి కొంటారు. ఆనాడే నీరు పోసి ఆనాడే పది చేపలను వదులుతారు. వారం తిరగకముందే చేపలు నీటి పైభాగానికి చేరి నోళ్ళు తెరుస్తాయి. ఒకటి రెండు చనిపోతాయి. ఇంటివారు కంగారుపడి అంగడికి పరుగెత్తి, నీలిరంగు మందును, పచ్చరంగు మందును తెచ్చి ఒకదాని వెంట ఒకటి పోస్తారు. నీటిని శుభ్రపరిచే సూక్ష్మజీవులు కొన్ని ఆ మందులకు నశిస్తాయి. కొండనాలుకకు మందువేస్తే ఉన్న నాలుక ఊడినట్లు, మిగిలిన చేపలు కూడా మరణిస్తాయి. నిజానికి ఆ చేపలకు ఏ అంటురోగమూ లేదు. వాటి ప్రాణాపాయానికి కారణం నీటిలో పెరిగిన అమోనియా.

అందువల్ల చేప నలతగా కనిపించినప్పుడు ముందుగా పరీక్షించవలసింది నీటినే. అమోనియా, నైట్రైటులను కొలిచే పరీక్షా సామగ్రి చేపల అంగళ్ళలో లభిస్తుంది. ఈ రెండూ సున్నా ఉండాలి. లేనిచో మేత తగ్గించి, తొట్టిలోని నీటిలో నాలుగోవంతు నుండి సగం వరకు మార్చడమే ప్రథమోపాయం. కొత్త నీటిలో క్లోరిన్ ఉండరాదు. దాని ఉష్ణోగ్రత పాత నీటికి సమానంగా ఉండాలి. వడపోత స్పాంజిని కుళాయి క్రింద కడగకూడదు. మేలుచేసే సూక్ష్మజీవుల నివాసం అదే కనుక, దానిని తొట్టినుండి తీసిన నీటిలోనే పిండాలి.

నీరు బాగున్నా చేప నలతగా ఉంటే అప్పుడు శరీరాన్ని గమనించాలి. రెక్కలు ముడుచుకొని ఉన్నాయా? రాళ్ళకు ఒళ్ళు రుద్దుకొంటున్నదా? ఒంటిపై ఉప్పురవ్వల వంటి తెల్లని చుక్కలు ఉన్నాయా? ఉంటే అది చాలవరకు తెల్లచుక్కల వ్యాధి. ఇక్తియోఫ్తిరియస్ అనే ఏకకణజీవి దీనికి కారణం. ఆ పరాన్నజీవి చేప చర్మం క్రింద దాగి పెరుగుతుంది. పెరిగిన తరువాత చేపను విడిచి తొట్టి అడుగుకు చేరి, గుల్ల కట్టుకొని వందలాది పిల్లజీవులుగా విడిపోతుంది. ఆ పిల్లజీవులు నీటిలో ఈదుతూ మరల చేపను వెదకుతాయి.

ఇక్కడే ఒక రహస్యం ఉంది. చర్మం క్రింద ఉన్నప్పుడుగాని, గుల్లలో ఉన్నప్పుడుగాని మందు ఆ జీవిని తాకలేదు. నీటిలో ఈదే దశలో మాత్రమే అది చిక్కుతుంది. మూడు నాలుగు రోజులకు చుక్కలు రాలగానే రోగం నయమైనదని భావించి చాలామంది చికిత్స మానివేస్తారు. నిజానికి శత్రువు పారిపోలేదు, సైన్యాన్ని పెంచుకొంటున్నది. చివరి చుక్క మాయమైన తరువాత కూడా కనీసం ఒక వారం చికిత్స కొనసాగించాలి.

చికిత్సలో లెక్క ముఖ్యం. 60 సెంటీమీటర్ల పొడవు, 30 సెంటీమీటర్ల వెడల్పు గల తొట్టిలో 25 సెంటీమీటర్ల ఎత్తున నీరు ఉంటే అది 45 లీటర్లు. లీటరుకు 2 గ్రాముల చొప్పున 90 గ్రాముల ఉప్పు కావాలి. దానిని మూడు భాగాలు చేసి, నీటిలో కరిగించి, పన్నెండు గంటలకు ఒక భాగం చొప్పున కలపాలి. ఆవిరైన నీటికి బదులు నీరు పోసేటప్పుడు మరల ఉప్పు వేయరాదు. ఉప్పు ఆవిరి కాదు. నీటి వేడిని క్రమంగా 28 డిగ్రీల వరకు పెంచితే పరాన్నజీవి జీవితచక్రం వేగవంతమై చికిత్సాకాలం తగ్గుతుంది. వేడినీటిలో ప్రాణవాయువు తక్కువగా కరుగుతుంది కనుక గాలి పంపు ఎడతెగక పనిచేయాలి. పొలుసులు లేని చేపలు, కొన్ని నీటిమొక్కలు ఉప్పును సహించలేవు.

గాయంపై దూదివలె పెరిగేది బూజు. అంచులు చిరిగి కుళ్ళే రెక్కలు బాక్టీరియా పనికి గుర్తు. పొట్ట ఉబ్బి పొలుసులు నిక్కబొడుచుకొంటే మూత్రపిండాలు దెబ్బతిని ఉండవచ్చు. అప్పటికి చికిత్స కష్టం. రోగం నిర్ధారించకుండా యాంటీబయాటిక్ మందులు పోయడం తగదు. మందుకు లొంగని బాక్టీరియా ఆ విధంగానే పుడుతుంది. చేపలనుండి మనిషి చర్మానికి సోకే క్షయజాతి బాక్టీరియా కూడా ఉంది. చేతికి గాయం ఉన్నవారు తొట్టిలో చేయి పెట్టరాదు.

కొత్త చేపను రెండు నుండి నాలుగు వారాలు వేరొక తొట్టిలో ఉంచి గమనించాలి. విసుగు పుట్టిన చేపలను జలాశయాలలో వదలరాదు. దక్షిణ అమెరికానుండి అలంకరణ చేపగా వచ్చిన సకర్‌మౌత్ క్యాట్‌ఫిష్ మన చెరువులలో చేరి, వలలను చింపుతూ ‘దెయ్యం చేప’ అనిపించుకొంది.

చేపను గాజుతొట్టిలోకి తెచ్చినది మనిషి. దానికి చెరువూ, వానా, ప్రవాహమూ తానే కావలసిన బాధ్యత కూడా మనిషిదే. మాటలేని ప్రాణి బాధను చూపుతో చదవగలిగినవాడే దానికి నిజమైన వైద్యుడు.

కఠిన పదాలకు అర్థాలు

నలత = అస్వస్థత
పరాన్నజీవి = ఇతర జీవిపై ఆధారపడి బ్రతికే జీవి
ఎడతెగక = నిరంతరం
అన్వేషించు = వెదకు

ప్రశ్నలు

1. కొత్త తొట్టిలో చేపలు మరణించడానికి గల కారణాలను విశదీకరించండి.
2. తెల్లచుక్కల వ్యాధి చికిత్సను మధ్యలో ఎందుకు మానరాదు?
3. వారింగ్టన్ ప్రయోగం తెలిపిన సత్యమేమి?
4. సంధి విడదీసి, సంధి పేరు వ్రాయండి : ప్రాణాపాయం, ప్రథమోపాయం, జలాశయం.