ఫోను ఫొటో ఊరికి పనికిరావాలంటే: మొదటిసారి తీసేవారి కోసం

అనకాపల్లి జిల్లా చోడవరం నుంచి మాడుగుల దాటి వెళ్తే కొండలు మొదలవుతాయి. ఆ పైనున్న గూడేల నుంచి గర్భిణులనూ రోగులనూ డోలీ కట్టి మోసుకొస్తున్న ఫొటోలు ఏటా పత్రికల్లో చూస్తున్నాం, వాట్సాప్‌లో పంపుకుంటున్నాం. చూసినవాళ్లం అయ్యో అనుకుంటాం. మోసేవాళ్ల చెమటా, డోలీలోని మనిషి బాధా ఫొటోలో కనిపిస్తాయి. అది ఏ గూడెం, కింద రోడ్డు దాకా ఎన్ని కిలోమీటర్లు, దారి ఎక్కడ ఆగిపోయింది, ఆ దారి వేయాల్సింది ఎవరు అన్నది మాత్రం చాలా ఫొటోల్లో ఉండదు. జాలి కలిగించడం దగ్గరే ఆ ఫొటో ఆగిపోతుంది. దాన్ని అక్కడ ఆగనివ్వకుండా పని చేయించడం ఎలాగో చెప్పడానికే ఇది రాస్తున్నాను. ఖరీదైన కెమెరా అక్కర్లేదు, చేతిలో ఉన్న ఫోను చాలు.

మొదటి అడుగు: ఒక్క విషయం పట్టుకోండి

"మా ఊరి సమస్యలు" అని బయల్దేరితే ఏదీ తేలదు. భీమిలి–నర్సీపట్నం రోడ్డులో మీ ఊరి దగ్గరి గుంతలు కావచ్చు. బడిలో తలుపు లేని మరుగుదొడ్డి కావచ్చు. సంక్రాంతికి అటూ ఇటూ గానుగల దగ్గర పగలూ రాత్రీ పొయ్యి ముందు నిలబడి బెల్లం వండే కూలీల కాలిన చేతులు కావచ్చు. సమస్యే కానక్కర్లేదు కూడా. చెరువు పూడిక తీసుకున్న ఊరు, పెరట్లో దేశీ విత్తనాలు దాచుకుంటున్న అవ్వ, మధ్యలో బడి మానేసి మళ్లీ చేరిన ఆడపిల్ల కూడా మంచి విషయాలే. పక్క ఊరివాళ్లకు "మనమూ చేయొచ్చు" అనిపించేది ఎక్కువగా ఇలాంటి ఫొటోలే. వీటిని మనం తక్కువగా తీస్తున్నాం.

విషయం ఎంచుకున్నాక కాగితం మీద రెండు వాక్యాలు రాయండి. ఈ ఫొటో ఎవరు చూడాలి? చూశాక వాళ్లు ఏం చేయాలి? ఈ రెండూ రాయలేకపోతే ఇంకా ఫోను బయటికి తీయకండి.

రెండో అడుగు: ముందు మాట, తర్వాత ఫొటో

కొత్తవాళ్లు ఎక్కువగా పొరపాటు చేసేది ఇక్కడే. దూరం నుంచి చటుక్కున తీసేసి వెళ్లిపోతారు. గానుగ దగ్గరికి వెళ్తే ముందు కూర్చోండి. ఎక్కడి నుంచి వచ్చారు, పని ఎన్నింటికి మొదలవుతుంది, కూలి రోజుకా, వండిన బెల్లం లెక్కనా అని అడగండి. తర్వాత "మీరు పని చేస్తుండగా ఫొటో తీసుకోనా అమ్మా?" అనండి. "ఈ బొమ్మతోటి ఏటి సేత్తావు బాబూ?" అని ఆవిడ అడుగుతుంది. మీరు సిద్ధం చేసుకోవాల్సింది ఆ ప్రశ్నకు జవాబే. "సచివాలయంలో ఇచ్చే అర్జీకి జత చేస్తాను, బస్టాండులో నలుగురూ చూసేలా పెడతాను, మీ పేరు వేయమంటే వేస్తాను, వద్దంటే వేయను" అని విడమరిచి చెప్పండి. తీసిన ఫొటో అక్కడికక్కడే చూపించండి. తీసేయమంటే ఆమె కళ్లముందే తీసేయండి.

యజమాని సరేనన్నంత మాత్రాన కూలీ సరేనన్నట్టు కాదు. యజమాని పక్కన నిలబడి ఉండగా కూలీ చెప్పే "సరే"ను లెక్కలోకి తీసుకోకండి. ఆ ఫొటో బయటికి వస్తే రేపు పని పోయేది మీకు కాదు, ఆమెకు.

పిల్లల విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. లైంగిక వేధింపులకు గురైన పిల్లలెవరో తెలిసిపోయేలా ఫొటో వేయడం 2012 నాటి పోక్సో చట్టం 23వ సెక్షన్ ప్రకారం నేరం. 2015 నాటి బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ కూడా రక్షణ అవసరమైన పిల్లల గుర్తింపు బయటపెట్టకూడదంటుంది. ముఖం మసక చేస్తే చాలదు. బడి యూనిఫాం, సంచి మీద పేరు, వెనకాల ఇంటి గుమ్మం చూసి ఊళ్లోవాళ్లు ఇట్టే పోల్చుకుంటారు. పనిలో ఉన్న పిల్లవాడు కనబడితే మీరు చేయాల్సిన మొదటి పని పిల్లల సహాయ నంబరు 1098కి ఫోను చేయడం. ఫొటో ఆ తర్వాతి మాట.

మూడో అడుగు: మీ కన్ను ఏ ఎత్తున ఉండాలి

దీన్ని నేర్పడానికి మన తెలుగు నేల మీదే మంచి గురువులున్నారు. జహీరాబాద్ దగ్గరి పస్తాపూర్‌లో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని దళిత మహిళా రైతులు 1990ల చివర్లో వీడియో కెమెరా పట్టడం నేర్చుకున్నారు. వాళ్లలో చాలామందికి చదువు రాదు. కెమెరా కోణాలకు పుస్తకాల్లోని పేర్లు పక్కన పెట్టి తమ బతుకులోంచి పేర్లు పెట్టుకున్నారు. పైనుంచి కిందికి చూసేది పటేల్ షాట్, ఎందుకంటే దొర తమను అలాగే చూస్తాడు. కింద నుంచి పైకి చూసేది బానిస చూపు. కంటికి కన్ను సమానంగా ఉండేది సంఘం షాట్, ఎందుకంటే సంఘంలో అందరూ ఒకే నేల మీద కూర్చుంటారు. వాళ్లు ఎంచుకున్నది సంఘం షాట్.

మీరూ అదే చేయండి. మనిషి కింద కూర్చుని చెరకు పిప్పి ఆరబెడుతుంటే మీరూ చతికిలబడండి. మంచం మీద పడుకున్న రోగిని నిలబడి తీయకండి, పక్కన స్టూలు వేసుకుని కూర్చోండి. నిలబడి వంగి తీసిన ప్రతి ఫొటోలోనూ ఎదుటి మనిషి చిన్నదైపోతుంది. సాయం కోరే ఫొటోల్లో ఈ పొరపాటు కొల్లలు. సాయం ఇచ్చే చెయ్యి పైనా, పుచ్చుకునే చెయ్యి కిందా పెట్టి తీసే ఫొటోలైతే అసలు వద్దు. వాటివల్ల దాతకు పేరు వస్తుందేమో, పుచ్చుకున్నవాడికి మిగిలేది సిగ్గే.

నాలుగో అడుగు: ఫోనూ వెలుతురూ

ఇది తొందరగా వచ్చేస్తుంది. లెన్సును మెత్తటి గుడ్డతో తుడవండి, జేబులో ఉన్న ఫోనుకు జిడ్డు పడుతుంది. జూమ్ చేయకండి, నాలుగడుగులు ముందుకు నడవండి. సెట్టింగుల్లో గ్రిడ్ గీతలు పెట్టుకుంటే ఫొటో వంకర రాదు. ఎండ నడినెత్తికి రాకముందు ఉదయం, మళ్లీ సాయంత్రం నాలుగు దాటాక వెలుతురు మెత్తగా ఉంటుంది. గానుగ పాకలో ఆవిరీ పొగా బాగా కనిపించాలంటే వెలుతురు వాటి వెనక నుంచి రావాలి. అప్పుడు మనిషి ముఖం నల్లబడుతుంది. తెరమీద ముఖాన్ని వేలితో తాకితే ఫోను వెలుతురు సర్దుకుంటుంది. మరుగుతున్న పెనానికి దూరంగా నిలబడండి, పాకం తీసేటప్పుడు కూలీల దారికి అడ్డు రాకండి.

ఐదో అడుగు: ఒక్క ఫొటోతో కథ తేలదు

కనీసం ఐదు తీయండి. ఒకటి దూరం నుంచి, చోటంతా కనపడేలా. ఒకటి మనిషి పూర్తిగా కనపడేలా. ఒకటి చేతులు, లేదా పని. ఒకటి ఆ పని ఫలితం, పేర్చిన బెల్లం దిమ్మల్లాగా. చివరిది కొలత చూపించేది. రోడ్డు గుంత లోతు మామూలు ఫొటోలో తెలియదు. అందులో చేతికర్ర దించి తీస్తే తెలుస్తుంది. గుంతలోంచి సైకిలు తోసుకెళ్తున్న బడిపిల్ల కాళ్లు, చక్రాలు మాత్రం తీసినా తెలుస్తుంది.

కొలత విలువ తెలిసిన మనిషి లూయిస్ హైన్. అమెరికాలో 1908 నుంచి జాతీయ బాల కార్మిక కమిటీ తరఫున మిల్లుల్లో, గనుల్లో పనిచేసే పిల్లలను ఫొటోలు తీశాడు. యజమానులు లోపలికి రానివ్వకపోతే బైబిళ్లు అమ్మేవాడిగానో, పోస్టుకార్డులు అమ్మేవాడిగానో వెళ్లేవాడు. తన కోటు గుండీల్లో ఏ గుండీ ఎంత ఎత్తున ఉందో ముందే కొలిచిపెట్టుకుని, పక్కన నిలబడ్డ పిల్లవాడి ఎత్తును దానితో లెక్కగట్టి, వయసూ పని గంటలూ జేబులోని పుస్తకంలో చాటుగా రాసుకునేవాడు. అందుకే ఆ ఫొటోలు అబద్ధమని కొట్టిపారేయడం కష్టమైంది. 1916లో బాల కార్మికతను కట్టడి చేసే కీటింగ్–ఓవెన్ చట్టం వచ్చింది. 1918లో అక్కడి సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. బాల కార్మికతకు అడ్డుకట్ట వేసిన చట్టం నిలబడింది 1938లో. అంటే మొదటి ఫొటోల నుంచి ముప్పై ఏళ్లు. వారంలో ఫలితం రాలేదని నీరసపడేవాళ్లకు ఈ లెక్క చెప్పాలి.

ఆరో అడుగు: వివరం రాయండి

ప్రతి ఫొటో కింద మూడు నాలుగు పంక్తులు చాలు. ఎక్కడ, ఎప్పుడు, ఏం జరుగుతోంది, ఏం కావాలి. "దయనీయ స్థితి", "కన్నీటి గాథ" లాంటి మాటలు వద్దు. "ఈ గూడెం నుంచి తారురోడ్డుకు ఇన్ని కిలోమీటర్ల కాలిబాట, మధ్యలో రెండు గెడ్డలు, వానాకాలంలో దాటలేరు" అని రాస్తే చదివిన అధికారికి చేయాల్సిన పని కళ్లముందు ఉంటుంది. ఫొటోలో ఉన్నవాళ్లు చెప్పిన మాట ఒకటి వాళ్ల యాసలోనే వేయండి, పుస్తక భాషలోకి దిద్దకండి. రాసింది వాళ్లకు ఒకసారి చదివి వినిపించండి, తప్పుంటే వాళ్లే దిద్దుతారు.

మండలం, జిల్లా పేర్లు తప్పకుండా రాయండి. 2022 ఏప్రిల్ 4 నుంచి చోడవరం అనకాపల్లి జిల్లాలోకి వచ్చింది. ఇప్పటికీ అలవాటుగా విశాఖ జిల్లా అని రాస్తుంటాం. చిరునామా తప్పితే అర్జీ వేరే ఆఫీసుకు పోతుంది.

ఏడో అడుగు: ఎవరి ముందు పెట్టాలి

నా లెక్కలో అన్నిటికంటే ముఖ్యమైన అడుగు ఇదే. పాత్రికేయుడు పి. సాయినాథ్ 1993 నుంచి 2002 మధ్య పది రాష్ట్రాల్లో గ్రామీణ స్త్రీల శ్రమను ఫొటోలు తీశారు. అందులో ఆంధ్ర ఇటుక బట్టీల్లో పనిచేసే ఒడిశా వలస కూలీలున్నారు. కనిపించే శ్రమ, కనిపించని స్త్రీలు అనే అర్థం వచ్చే పేరుతో ఆ ఫొటోలను ప్రదర్శనగా పెట్టారు. ఆ ప్రదర్శన గాజు తలుపుల గ్యాలరీలకే పరిమితం కాలేదు. బస్టాండులకు, రైల్వే స్టేషన్లకు, ఫ్యాక్టరీ గేట్ల దగ్గరికి, కూలీల సభలకు వెళ్లింది. ఫొటోల్లో ఉన్నవాళ్లలాంటి మనుషులే చూసేవాళ్లు కూడా అయ్యారు. ఆయన 2014లో ప్రారంభించిన పారి (పీపుల్స్ ఆర్కైవ్ ఆఫ్ రూరల్ ఇండియా) వెబ్‌సైటులో ఆ ప్రదర్శన ఉంది, తెలుగు కథనాలూ ఉన్నాయి. ఒక సాయంత్రం కూర్చుని చూడండి.

మీరు చేయగలిగింది ఇంత. పది ఫొటోలు ఏ3 సైజులో ప్రింటు వేయించండి. ఊళ్లో రచ్చబండ దగ్గరో, బడి వరండాలోనో తాడు కట్టి బట్టల క్లిప్పులతో వేలాడదీయండి. చోడవరం బస్టాండులో పెట్టాలంటే అధికారుల అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి. చదవలేనివాళ్లకు వివరాలు చదివి వినిపించడానికి ఇద్దరు పిల్లల్ని నిలబెట్టండి. వాళ్లే మీకు తర్వాతి ఫొటోగ్రాఫర్లు.

ఊరికి చూపించడంతో పాటు అర్జీ కూడా కదలాలి. ముందు గ్రామ సచివాలయంలో ఇవ్వండి. అక్కడ తేలకపోతే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికకు వెళ్లండి. అర్జీకి రెండు ఫొటోలు మించి జత చేయకండి, ఒకటి చోటుది, ఒకటి కొలతది. అర్జీ నంబరు రాసిచ్చే రసీదును కూడా ఫొటో తీసి దాచుకోండి.

వాట్సాప్‌లో పంపేటప్పుడు ఒక సంగతి గుర్తుంచుకోండి. మామూలుగా పంపితే ఫొటో నాణ్యత తగ్గుతుంది, తీసిన చోటు, సమయం వివరాలు పోతాయి. డాక్యుమెంటుగా పంపితే అవన్నీ ఉంటాయి. రోడ్డు గుంతకు ఆ వివరాలు సాక్ష్యం. కష్టంలో ఉన్న ఒక స్త్రీ ఇంటికి అవే ప్రమాదం. అలాంటి ఫొటోలు తీసేముందు ఫోనులో లొకేషన్ ఆపేయండి.

ఎనిమిదో అడుగు: మళ్లీ వెళ్లండి

ఫొటోలో ఉన్నవాళ్లకు ప్రింటు ఇవ్వండి. దానికి అయ్యే ఖర్చును ముందే లెక్కలో వేసుకోండి. తర్వాత రెండు మూడు నెలలకొకసారి అదే చోట, అదే గంటకు, అదే రాయి మీద నిలబడి మళ్లీ తీయండి. నిలబడ్డ చోటు మరిచిపోకుండా మొదటిసారే ఒక చెట్టునో కరెంటు స్తంభాన్నో గుర్తు పెట్టుకుని ఫ్రేములో ఒక మూల ఉంచండి. గుంత పూడితే ఆ రెండు ఫొటోలు పక్కపక్కన పెట్టి, పని చేసినవాళ్ల పేరు రాసి, అదే రచ్చబండ దగ్గర వేలాడదీయండి. పూడకపోతే ఆ రెండు ఫొటోలే పాత రసీదు నంబరుతో కలిసి తర్వాతి సోమవారం అర్జీకి జతవుతాయి.